ఢావ్లో నుంచి 181 దాకా: మన ఆడోళ్లు ఒకరికొకరు నిలబడిన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మన గ్రూపులో చరిత్ర పోస్టులు మస్తుగ వస్తుంటయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం, తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులు. ఇవన్నీ నేను చదివి ఫోన్‌లో దాచుకుంట. కానీ వీటిల్లో ఒక సంగతి గమనించిన్రా? శత్రువు ఎప్పుడూ బయటనుంచే వస్తడు. నిజాం, దొర, షావుకారి, ఫారెస్టోళ్లు, పోలీసులు. అంతా నిజమే, ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ ఇంటి తలుపు మూసినంక లోపల దెబ్బలు తిన్న ఆడమనిషి ఈ చరిత్రలో ఎక్కడుంది? ఆమెకు తలుపు తీసిన పక్కింటి ఆడమనిషి ఎక్కడుంది?

చరిత్ర లేక కాదు, ఉంది. అయితే దాన్ని వేరే పేర్ల కింద రాసిన్రు. సారా ఉద్యమం అన్నరు, కూలి పోరాటం అన్నరు, పొదుపు సంఘం అన్నరు. మొగడు కొట్టుడు అనే మాట మాత్రం రాయలేదు. ఆ మాట పెట్టుకుని మన చరిత్రను మళ్లీ ఒకసారి చదువుదామని ఈ పోస్టు.

ముందుగాల ఒక సినిమా గురించి చెప్త. మన దేశంది కాదు, కెనడాది. 2019లో వచ్చింది. పేరు 'ది బాడీ రిమెంబర్స్ వెన్ ది వరల్డ్ బ్రోక్ ఓపెన్'. తీసింది ఇద్దరు ఆడోళ్లు, ఎలె మాయా టెయిల్‌ఫెదర్స్, క్యాథ్లీన్ హెప్‌బర్న్. ఎలె మాయా ఆదివాసీ మనిషే. తల్లి వైపు కెనడాలోని బ్లాక్‌ఫుట్ తెగ, తండ్రి వైపు ఉత్తర యూరప్‌లోని సామీ తెగ. ఆమెకు నిజంగా ఎదురైన ఒక సంఘటన నుంచే ఈ కథ పుట్టింది.

కథ చాలా చిన్నది. వాంకూవర్ నగరంలో వాన పడుతుంటది. రోజీ అనే ఆదివాసీ అమ్మాయి కాళ్లకు చెప్పులు కూడా లేకుండ రోడ్డు మీద నిలబడి ఉంటది. కడుపుతో ఉంది. ఆమెతోని ఉండే మనిషి కొట్టిండు, ఇంకా అరుస్తనే ఉన్నడు. ఆ దారిన పోతున్న ఐలా అనే ఇంకో ఆదివాసీ ఆమె, రోజీని చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోతది. వాళ్లిద్దరూ చుట్టాలు కాదు, ఒకే తెగ కూడా కాదు. ఒకామెకు మంచి ఇల్లుంది, చదువుంది. ఇంకొకామె చిన్నప్పటినుంచి సర్కారు పెట్టిన పెంపుడు ఇండ్లల్ల పెరిగింది. తర్వాత ఐలా ఫోన్లు చేసి, దెబ్బలు తిన్న ఆడోళ్లు తలదాచుకునే ఒక ఇంటికి రోజీని తీసుకుపోతది. అక్కడి ఆడోళ్లు బలవంతం చెయ్యరు, తిట్టరు, ఉండొచ్చని మాత్రం చెప్తరు. చివరికి రోజీ ఉండదు. వాపస్ ఆ ఇంటికే పోతది.

సినిమా అయిపోయినంక హాస్టల్‌లో మా రూమ్ వాళ్లం చాలాసేపు దీని గురించే కొట్లాడుకున్నం. "గంత చేస్తే మళ్లీ ఆడికే పోయిందేంది?" అని ఒకామె అన్నది. నేను అనేది ఏందంటే, సినిమా అసలు మాట అక్కడే ఉంది. వెళ్లిపోయినా సరే, ఒక తలుపు తెరిచి ఉందని రోజీకి ఇప్పుడు తెలుసు. మన తాండాల్లో, గూడేల్లో కూడా ఒక్కసారికి ఇల్లు విడిచే ఆడమనిషి తక్కువ. పిల్లలుంటరు, భూమి ఆయన పేరు మీద ఉంటది, పుట్టింట్ల అన్నదమ్ముల పెండ్లాలుంటరు. మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చి పోతది. "మళ్లీ పోయింది గదా, ఇంక మనమేం చేస్తం" అని మనం అన్న రోజే ఆమె ఒంటరి అయితది.

మన దగ్గర 2021లో వచ్చిన 'జై భీమ్' అందరం చూసినం, ఏడ్చినం. అందులో సినతల్లి కష్టం పోలీసుల వల్ల. ఆమె మొగడు బంగారంలాంటి మనిషి. ఆ కథ నిజంగా జరిగిన కేసు మీద తీసిందే, దాంట్లో తప్పు పట్టేది ఏం లేదు. కానీ గిరిజన ఆడమనిషికి ఇంట్లో కూడా కష్టం ఉంటదని చూపించే సినిమా మనకు ఇంకా దొరకాలె.

ఇప్పుడు మన దగ్గరికి వద్దం.

నేను లంబాడీ పిల్లను, అందుకే నాకు తెలిసిన తాండా నుంచి మొదలుపెడుత. మన పెండ్లిల ఢావ్లో ఉంటది. పిల్ల అత్తగారింటికి పోయే ముందు తల్లిని, అక్కచెల్లెండ్లను, సోపతిగాళ్లను ఒక్కొక్కరిని పట్టుకుని రాగం తీసి ఏడుస్తది. ఆ ఏడ్పును పెండ్లికి ముందే పెద్ద ఆడోళ్లు కూర్చోబెట్టి నేర్పిస్తరు. బయటోళ్లు చూసి ఇదేదో వింత ఆచారం అనుకుంటరు. ఇప్పటి మన పోరగాళ్లు కొందరు వీడియో తీసి నవ్వుకుంటరు. నాకైతే అది మన ఆడోళ్ల మొదటి సంఘం లెక్క కనిపిస్తది. నువ్వు పోయే చోట ఏం జరుగుతదో మాకు తెలుసు, మేం కూడా గట్లనే పోయినం అని ఒక తరం ఇంకో తరానికి చెప్పే పద్ధతి అది. ఆ దుఃఖాన్ని నలుగురి ముందట బయటపెట్టే హక్కు ఆ ఒక్క రోజు ఆడపిల్లకు ఉండేది.

కానీ ఏడ్చే హక్కు ఉంది తప్ప తీర్పు చెప్పే హక్కు లేదు. తాండాల తగాదా వస్తే నసాబ్ కూర్చుంటది. నాయక్, కార్భారి, పెద్దమనుషులు, అందరూ మగోళ్లే. ఆడమనిషి కేసు అయినా ఆమె తరఫున తండ్రి గానీ అన్న గానీ మాట్లాడాలె. మా పెద్దోళ్లు చెప్పేది ఏందంటే, కొట్టినోనికి జుర్మానా వేసేది, ఆ పైసలతోనే మళ్లీ తాగుడు అయ్యేది. పొద్దుగాల ఆమెను వాపస్ పంపేది. మా అమ్మ దగ్గరికి రాత్రిపూట వచ్చి పడుకుని తెల్లారి పోయిన ఆడోళ్లు నాకు చిన్నప్పటినుంచి తెలుసు. యాడి ఏం అడగకపోయేది. ఇంత గటుక పోసి, గొంగడి పరిచేది. ఐలా చేసిన పని అదే. దాన్ని ఎవరూ పుస్తకంల రాయలేదు, అంతే తేడా.

ఇంకొకటి యాదికి పెట్టుకోవాలె. లంబాడీల్ల పాతరోజుల కట్నం లేదు, పిల్లకే ఓలి ఇచ్చి చేసుకునేటోళ్లు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట ఊర్లు తిరిగిన మన పూర్వీకుల బతుకును రైళ్లు, రోడ్లు దెబ్బతీసినయి. తిరిగే జాతి ఒక్కచోట కూర్చుండి దొరల దగ్గర, షావుకార్ల దగ్గర అప్పులల్ల కూరుకుపోయిన సంగతిని ప్రొఫెసర్ భంగ్యా భూక్యా గారు నిజాం కాలపు లంబాడీల మీద 2010లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంల వివరంగ రాసిన్రు. గట్ల స్థిరపడి చుట్టూ ఉన్న ఊర్లను చూసి నేర్చుకున్న వాటిల్ల కట్నం ఒకటి. పిల్లకు విలువ కట్టిన జాతి, పిల్లను బరువు అనుకునే జాతి అయింది. 1999 నుంచి 2001 మధ్యల దేవరకొండ దిక్కు తాండాల్లోంచి ఆడశిశువులను దత్తత పేరు మీద అమ్ముతున్నరని బయటపడ్డప్పుడు పేపర్లన్నీ మన తల్లులను తిట్టినయి. మూడో ఆడపిల్ల పుట్టిందని దెబ్బలు తిన్న తల్లి చెయ్యి నుంచి ఆ శిశువును తీసుకున్నది ఎవరు, పైసలు ఎవరి జేబులోకి పోయినయి అని అడిగినోళ్లు తక్కువ.

మరి పోలీస్ స్టేషన్‌కు ఎందుకు పోలేదు అని అడుగుతరు. ఎట్ల పోతరు? 1871ల ఇంగ్లీషోళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం మనలాంటి జాతులను పుట్టుకతోనే దొంగలని రాసింది. నిజాం రాజ్యంల కూడా లంబాడీల మీద ఆ నిఘా నడిచింది. 1952ల చట్టం రద్దయింది, అనుమానం రద్దు కాలేదు. తర్వాత గుడుంబా దాడులు. తాండాల గుడుంబా కాచేది ఎక్కువగా ఆడోళ్లే, అది వాళ్ల పూట గడిచే ఆధారం. నల్లబెల్లం దొరికిందని ఏ పోలీసు అయితే పొయ్యి తన్ని పోయిండో, అదే పోలీసు దగ్గరికి పోయి "నా మొగడు కొట్టిండు సార్" అని ఎట్ల చెప్తది? కెనడాల కూడా గంతే. అక్కడ 2016 జనాభా లెక్కల్ల 15 ఏండ్ల లోపు పిల్లల్ల ఆదివాసీలు నూటికి 8 మంది కూడా లేరు, కానీ సర్కారు పెంపుడు ఇండ్లల్ల ఉన్న పిల్లల్ల సగం కంటే ఎక్కువ మంది వాళ్లే. సర్కారుకు చెప్తే నా బిడ్డను గుంజుకుపోతరు అన్న భయం రోజీ లాంటోళ్లకు ఊరికే రాలేదు. బయట నమ్మకం లేదు, లోపల తీర్పు లేదు. మధ్యల మిగిలింది ఇంకో ఆడమనిషి ఒక్కతే.

మన ఇబ్రహీంపట్నం చరిత్రల దీనికి దగ్గరగా ఉన్న అధ్యాయం ఒకటుంది. ఇప్పుడు ఇక్కడ ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలు, ప్లాట్ల బోర్డులు. 40 ఏండ్ల కింద ఇదే తాలూకా జీతగాళ్ల తాలూకా. 1976 చట్టం వెట్టిచాకిరిని రద్దు చేసినా, ఊర్లల్ల దొరల ఇండ్లల్ల జీతాలు నడుస్తనే ఉండె. 1984 ప్రాంతంల గీతా రామస్వామి గారు ఇక్కడికి వచ్చిన్రు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం లేచింది. ఎక్కువ మంది దళితులు. జీతగాళ్లను విడిపించిన్రు, కూలి రేట్లు అడిగిన్రు, భూముల కోసం ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. ఆమె 2022ల ఇంగ్లీషుల రాసిన ఆత్మకథ పేరులోనే నేల, తుపాకులు, కులం, స్త్రీ అనే నాలుగు మాటలు ఉన్నయి. నాలుగోది ఊరికే చేరలేదనిపిస్తది నాకు. జీతగాడు ఒక్కడు దొర దగ్గర ఉంటే, ఆ అప్పుకు పెండ్లాం, పిల్లలు కూడా పని చేసేటోళ్లు. దొర తిట్టిన తిట్లు రాత్రికి ఎవరి వీపు మీద పడుతయో మనకు తెలుసు. జీతం నుంచి మనిషి విడుదల అయితే కాగితం ఇస్తరు. ఆ మనిషి దెబ్బల నుంచి ఆడమనిషి విడుదల అయ్యే కాగితం అప్పుడు లేదు. భూమి వచ్చినా పట్టా ఎవరి పేరు మీద అన్నది అసలు ప్రశ్న. అందుకే 2006 అటవీ హక్కుల చట్టంల ఒక మాట నాకు బంగారం లెక్క కనిపిస్తది: పెండ్లయినోళ్లకు ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్త ఇద్దరి పేరు మీద ఉండాలె. పేరు కాగితం మీద ఉన్న ఆడమనిషిని ఇంట్లకెల్లి ఎల్లగొట్టుడు అంత సులువు కాదు.

ఇక సారా ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరదీపం కార్యక్రమంల రాత్రి బడికి పోయిన ఆడోళ్లు, వాచకంల సీతమ్మ కథ చదివి ఇది మన కథే గదా అనుకున్నరు. వర్ధినేని రోశమ్మ లాంటోళ్లు ముందట నిలబడి 1992ల ఊరి సారా దుకాణం మూయించిన్రు. అప్పుడు సర్కారే 'వారుణి వాహిని' పేరుతో సారాను పాకెట్లల్ల ఇంటి ముందటికి తెచ్చింది. ఆడోళ్లు వేలంపాటలను అడ్డుకున్నరు, అవి మళ్లీ మళ్లీ వాయిదా పడ్డయి. ఉద్యమం తెలంగాణ జిల్లాలకు కూడా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం. 1997కు వచ్చేసరికి నిషేధం ఎత్తేసిన్రు.

పరీక్షలల్ల ఇది 'సారా వ్యతిరేక ఉద్యమం' అని రెండు మార్కుల ప్రశ్న. నేనైతే దాన్ని దెబ్బల వ్యతిరేక ఉద్యమం అంట. ఇండ్లల్ల తన్నులు పడలేకనే ఆడోళ్లు రోడ్డెక్కిన్రు. "నా మొగడు కొడుతుండు" అంటే ఒక్కామె ఇంటి గొడవ, ఎవరూ రారు. "సారా దుకాణం మూయాలె" అంటే ఊరి సమస్య, అందరూ వస్తరు. వాళ్లు తెలివిగ ఆ తోవ ఎంచుకున్నరు, గెలిచిన్రు కూడా. కానీ ఆ తోవకు ఒక హద్దు ఉంది. దుకాణం మూస్తే సారా పోతది, కొట్టే హక్కు నాకుంది అనే బుద్ధి పోదు. నిషేధం ఎత్తేసిన రోజు ఆడోళ్ల చేతుల ఏం మిగిలింది? తాగకుండ కొట్టేటోళ్లు కూడా ఉంటరు గదా. అందుకే కొట్టుడును కొట్టుడు అనే పేరుతోనే పిలవాలె.

ఇక్కడ ఒక అన్న తప్పకుండ అంటడు: "చెల్లే, గివన్నీ బయట రాస్తే మన జాతి పరువు పోతది. ఇప్పటికే మనల్ని తాగుబోతులంటరు." ఆ భయం నాకు అర్థమైతది, నేరస్థ జాతి అని రాసినోళ్ల దేశంల ఆ భయం ఉత్తది కాదు. కానీ లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల 18 నుంచి 49 ఏండ్ల మధ్య పెండ్లయిన ఆడోళ్లల్ల నూటికి దాదాపు 37 మంది మొగని చేతుల హింస పడ్డమని చెప్పిన్రు. అది అన్ని కులాల లెక్క. అదే సర్వేల, ఏదో ఒక కారణానికి మొగడు కొట్టొచ్చు అని ఒప్పుకున్న ఆడోళ్లు తెలంగాణల నూటికి 84 మంది. దేశంలనే అందరికంటే ఎక్కువ. కాబట్టి ఇది తాండా జబ్బు కాదు, రాష్ట్రం జబ్బు. మన జాతి పరువు ఆడోళ్లు నోరు మూసుకుంటే నిలబడేది అయితే, అది పరువు కాదు, వాళ్ల వీపు మీద మోపిన బరువు.

ఇంకో ఉదాహరణ. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీల వాకపల్లిల 11 మంది కోదు ఆడోళ్లు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేసిన్రని చెప్పిన్రు. 2023 ఏప్రిల్‌ల కోర్టు పోలీసులను నిర్దోషులని విడిచిపెట్టింది, అయితే దర్యాప్తు సరిగ్గ చెయ్యలేదని ఆ ఆడోళ్లకు పరిహారం ఇయ్యమన్నది. 16 ఏండ్లు ఆ ఆడోళ్లు ఒక్క మాట మీద నిలబడ్డరు. ఆదివాసీ సంఘాలు వాళ్ల ఎంబడి నిలబడ్డయి. నా ప్రశ్న ఒక్కటే. కొట్టింది ఖాకీ బట్టల మనిషి అయితే మన సంఘాలన్నీ ధర్నా చేస్తయి. కొట్టింది మన సంఘం కార్యకర్తే అయితే?

ఇప్పుడు పనికొచ్చే ముచ్చట. 1983ల 498ఏ వచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితల 85వ సెక్షన్. 2005ల గృహహింస చట్టం వచ్చి 2006 అక్టోబర్ 26 నుంచి అమలైంది. గిరిజన ఆడోళ్లు ఇది బాగ గుర్తుపెట్టుకోవాలె. 1955 హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగ నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులనే రాసి ఉంది. దీని మీద కోర్టుల్ల వాదనలు నడుస్తనే ఉంటయి, విడాకులు, రెండో పెండ్లి కేసులల్ల మన ఆడోళ్లు ఇక్కడనే ఇరుక్కుపోతరు. కానీ గృహహింస చట్టానికి ఆ అడ్డు లేదు. ఏ తెగ అయినా, ఏ మతం అయినా వర్తిస్తది. పెండ్లి పత్రిక, రిజిస్ట్రేషన్ లేకున్నా, తాండా పద్ధతిల చేసుకున్న పెండ్లి అయినా అడగొచ్చు. ఇల్లు ఆయన పేరు మీద ఉన్నా ఆమెను బయటికి ఎల్లగొట్టకుండ కోర్టు ఆర్డర్ ఇయ్యొచ్చు. పోలీస్ స్టేషన్‌కే పోవాలని లేదు, రక్షణాధికారి దగ్గర చెప్పొచ్చు. 181కు ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి తోవ చూపిస్తరు, ఆడ ఉండటానికి తాత్కాలికంగ చోటు, వకీలు సాయం దొరుకుతయి.

అయితే చట్టం ఒక్కటే నడిచి తాండాకు రాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలె. మనం డిగ్రీకి వచ్చిన మొదటి తరం. అమ్మలు గటుక పోసి గొంగడి పరిచిన్రు, వాళ్ల చేతుల ఉన్నది అంతే. మన చేతుల ఫోనుంది, చదువుంది, దరఖాస్తు రాయడం వచ్చు. అందుకే మూడు మాటలు అడుగుత.

ఒకటి. తాండాలు గ్రామపంచాయతీలు అయినయి, ఆడోళ్లు సర్పంచులు అయిన్రు. ఇంక నసాబ్ కూర్చుంటే ఆడోళ్లు కూడా కూర్చోవాలె. ఆడమనిషి కేసుల ఆమె మాట ఆమే చెప్పాలె, జుర్మానా పైసలు ఆమె చేతికే రావాలె.

రెండు. మన యువజన సంఘంల పెండ్లాన్ని కొట్టినోడు ఎంత పెద్ద నాయకుడైనా పదవిల ఉండొద్దు. భూమి కోసం కొట్లాడినోడు అని మాఫీ చెయ్యొద్దు.

మూడు. ప్రతి హాస్టల్‌ల ఇద్దరు ముగ్గురు అక్కలు, చెల్లెండ్లు తమ తాండా, గూడెం ఆడోళ్లకు 181 గురించి చెప్పే బాధ్యత తీసుకోవాలె. తీజ్ పండుగకు ఇంటికి పోతం గదా, తొమ్మిది రోజులు ఆడపిల్లలం అందరం ఒక్కదగ్గరే ఉంటం, అంతకంటే మంచి సమయం ఏముంది? మీ దగ్గర గిట్ల ఆడోళ్లు ఒకరికొకరు నిలబడిన కథ ఏదన్న ఉంటే, పేర్లు పెట్టకుండ ఇక్కడ రాయండి. కోయ, గోండు, చెంచు, కోలాం, ఎరుకల అక్కలు మీ మీ పద్ధతులు చెప్పండి, నాకు లంబాడీలవే తెలుసు. అన్నలు, తమ్ముళ్లు కూడా మీ అమ్మలను అడిగి రాయండి. రాత్రిపూట మీ ఇంటి తలుపు కొట్టింది ఎవరో, ఎవరు లేచి తీసిన్రో వాళ్లకు యాదికి ఉంటది.